రెండో సాక్షి

ఏస్తేరమ్మ చనిపోయి ఏడాదైన రోజున, ఇబ్రహీంపట్నంలో ఆమె కూతురు మరియ ఇంటి ముందు షామియానా వేసి జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. ప్రార్థన అయ్యాక కొడుకు దయాకర్ మైకు అందుకున్నాడు. నలుగురిలో మాట్లాడే అలవాటు లేనివాడు. చెమట తుడుచుకుంటూ పాస్టరుకూ, సంఘపెద్దలకూ, దవాఖానలో చూసిన డాక్టర్లకూ, వంటవాళ్లకూ, బడంగ్‌పేట్ నుంచి వచ్చిన తన ఇరుగుపొరుగుకూ వందనాలు చెప్పాడు. అక్క మరియకు చెప్పాడు. అంతలో గొంతు పూడుకుపోయింది. మైకు పాస్టరు చేతిలో పెట్టి వెళ్లి కూర్చున్నాడు.

బావ సామ్యేలు పేరు రాలేదు.

షామియానా కింద ఆ సంగతి గమనించింది ఇద్దరే. ఒకరు సామ్యేలు. రెండో మనిషి అతని భార్య మరియ.

ఏస్తేరమ్మకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయినప్పుడు దయాకర్ బడంగ్‌పేట్‌లో మూడో అంతస్తులో అద్దెకుండేవాడు. లిఫ్టు లేదు. ఒక ఇంజనీరింగ్ కాలేజీ బస్సు నడుపుతూ తెల్లవారకముందే వెళ్లి పొద్దుపోయాక ఇల్లు చేరేవాడు. అందుకని తల్లిని అక్క ఇంటికి తెచ్చారు. కానీ అక్క మాత్రం ఇంట్లో ఉండే మనిషా? ఆర్టీసీలో కండక్టరు. పొద్దున్నే డ్యూటీ ఎక్కితే మళ్లీ మధ్యాహ్నం దాటాకే దిగేది. ఇంటి పట్టున ఉండేది సామ్యేలు ఒక్కడే. ముందు గదిలోనే అతని మోటార్ వైండింగ్ దుకాణం. కాలిపోయిన బోరు మోటార్లు విప్పి కొత్త తీగ చుట్టడం అతని పని. ఆ పని మధ్యలో లేచి చేతులు కడుక్కుని లోపలికి పోయి అత్తను ఎత్తి కూర్చోబెట్టేవాడు. గంజి తాగించేవాడు. బాత్రూముకు ఎత్తుకుపోయేవాడు. మొదట్లో అల్లుడి చేత అట్లా చేయించుకోవడానికి సిగ్గుపడి ఏస్తేరమ్మ ఏడ్చేది. తర్వాత్తర్వాత అలవాటు పడింది. ఆఖరికి కూతురు ముద్ద పెట్టబోతే మూతి తిప్పుకుని, అల్లుడు ఏడని అడిగేదాకా వచ్చింది.

ఇట్లా రెండేళ్లు గడిచాయి. ఆ రెండేళ్లకూ ఒక్క మాట రాకపోయేసరికి సామ్యేలు ముఖం మాడిపోయింది. అయినా ఏమీ అనకుండా భోజనాల్లో కోడికూర బకెట్టు పట్టుకుని వడ్డించసాగాడు. దయాకర్ దగ్గరికి వచ్చేసరికి, పక్కన కూర్చున్న పెద్దాయన ఒకడు దయాకర్ వీపు తడుతూ, "కొడుకంటే నువ్వే బిడ్డా. తల్లి పేరు నిలవెట్టినవ్" అన్నాడు.

సామ్యేలు చేతిలో గరిటె ఆగింది.

"పేరు నిలవెట్టుడు తేల్కనే" అన్నాడు. "మీ అమ్మ కుక్క లెక్క రెండేండ్లు నా ఇంట్ల పడి తిన్నది. ఒక్కనాడన్న వచ్చి మూతి కడిగినవారా?"

దయాకర్ విస్తరి ముందు నుంచి లేచాడు. తింటున్న చేత్తోనే, అరచెయ్యి చాచి బావ చెంప మీద ఒక్కటి కొట్టాడు. సామ్యేలు తూలి బల్ల పట్టుకున్నాడు. చెంప మీద కూర మరకలతో నాలుగు వేళ్లూ అచ్చుపడ్డాయి. అతను నోట్లోకి చెయ్యి పెట్టి తీసి చూసుకుంటే, నెత్తురుతో పాటు కింది వరస పన్ను ఒకటి చేతిలోకి వచ్చింది.

నీళ్ల జగ్గుతో రెండడుగుల దూరంలో నిలబడి ఉన్న మరియ ఇదంతా చూసింది. ఆ మాటా విన్నది.

*

సామ్యేలు నోటికి తువ్వాల అడ్డం పెట్టుకుని, ఎవరు ఆపినా ఆగకుండా బండి తీసి పోలీస్ స్టేషన్‌కు పోయాడు. అతనికి కావలసింది ఒక్కటే. దయాకర్‌ను పిలిపించి ఎస్సై నలుగురిలో నాలుగు చీవాట్లు పెట్టాలి.

ఎస్సై కూడా అదే మాట అన్నాడు. "చేత్తోటి ఒక్క దెబ్బ అంటే సాదా గాయం కిందికొస్తది. కోర్టు పర్మిషన్ లేకుంట మేం దాంట్ల దర్యాప్తు చెయ్యం. మీ బామ్మర్దిని పిలిచి కూసోబెడ్త. నువ్వు ముందుగాల దవాఖానకు పొయ్యి నోరు చూపించుకో."

ప్రభుత్వ దవాఖానలో డాక్టరు నోరు చూసి, పన్ను చూసి, సర్టిఫికెట్ రాసిచ్చాడు. మర్నాడు పొద్దున స్టేషన్ కానిస్టేబుల్ దుకాణానికి వచ్చాడు.

"అన్నా, నీ కేసు పెద్దగైంది" అన్నాడు స్టూలు మీద కూర్చుంటూ. "డాక్టరు పన్ను పోయిందని రాసిండు. గిప్పుడిది సాదా గాయం కాదు, తీవ్ర గాయం. పోలీసులు సొంతంగ కేసు కట్టే నేరం. ఏడేండ్ల దాంక శిక్ష పడొచ్చు."

సామ్యేలు చేతిలో తీగచుట్ట కింద పెట్టాడు. "ఒక్క పన్నుకు ఏడేండ్లా?"

"బొక్క ఇరిగినా, పన్ను ఊడినా చట్టంల ఒక్కటే అన్నా. పన్ను ఊడకుంటే చెంపదెబ్బ. ఊడితే నూట పదిహేడో సెక్షన్."

"నాకు కేసే వద్దంటే?"

"ఇది నీ కేసు కాదిప్పుడు, సర్కారు కేసు. మీరు మీరు రాజీ పడ్డా జడ్జి ఒప్పుకుంటేనే పోతది. అయినా ముందు మీరైతే రాజీకి రాండ్రి, తర్వాత చూద్దం."

దయాకర్‌ను స్టేషన్‌కు పిలిచి, నోటీసు ఇచ్చి, జామీను మీద పంపారు. జైలుకు పోలేదు. కానీ కబురు కాలేజీకి చేరింది. కేసు తేలేదాకా స్టీరింగు పట్టవద్దని వాళ్లు అతన్ని షెడ్డులో పనికి పెట్టారు. నిన్నటిదాకా తను నడిపిన బస్సును ఇప్పుడు వేరొకడు నడిపి తెస్తే, దాన్ని పైపు పెట్టి కడగడం అతని వంతయింది.

ఈ సంగతి మరియకు చెప్పింది దయాకర్ భార్య స్వప్న. ఒకరోజు హయత్‌నగర్‌లో మరియ డ్యూటీ చేస్తున్న బస్సే ఎక్కింది. మరియ ఆమె చేతిలో ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్టు పెట్టి, జనం పలచబడ్డాక వచ్చి పక్కన కూర్చుంది.

"వదినె, సామ్యేలన్న ఒక్కసారి కోర్టుకొచ్చి రాజీ అంటే అయిపోతదంట" అంది స్వప్న. "ఈయన ఇంట్ల మాట్లాడుతలేడు. కడిగిన బస్సునే మల్ల మల్ల కడుగుతుండంట."

"మీ అన్న నాతో ఏమంటుండో తెలుసా? ఒక్కసారి వచ్చి తప్పయిందని అనుమను, గా దినమే రాజీ పడ్త అంటుండు."

"ఈయన అంటడు, ముందుగాల అమ్మను అన్న మాట వాపస్ తీసుకోమను, అప్పుడు కాళ్లు మొక్కుమన్నా మొక్కుత అని."

మరియ కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది. వాళ్లిద్దరి మాటలూ తన దగ్గరికే వచ్చి ఆగిపోతున్నాయి. భర్తకు తమ్ముడి మాట చెబితే తమ్ముడి వైపంటాడు. తమ్ముడికి భర్త మాట చెబితే ఫోను పెట్టేస్తాడు. పెద్ద అంబర్‌పేట్ స్టాపు వచ్చింది. ఎక్కేవాళ్లు ఎక్కుతుంటే ఆమె లేచి టికెట్ల మిషను చేతిలోకి తీసుకుంది.

*

కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. మొదటి సాక్షి దెబ్బ తిన్న సామ్యేలు. కళ్లతో చూసిన మనిషి కాబట్టి మరియను రెండో సాక్షిగా చేర్చారు. మూడో సాక్షి డాక్టరు.

వాయిదాకు ముందు రోజు మరియ సెలవు పెట్టి ఒక్కతే కోర్టుకు పోయింది. ప్రభుత్వం తరఫున కేసు నడిపే వకీలు వరండాలో కనిపించాడు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి, చంకలో ఫైళ్లు. తను ఫలానా అని చెప్పుకుని, "సార్, రేపు నేను ఏం చెప్పాలె?" అని అడిగింది.

"చూసింది చెప్పాలె."

"చూసింది చెప్తే ఎవ్వలకు ఏమైతదో నాకు తెల్వదు సార్. కొట్టినోడు నా తమ్ముడు. దెబ్బ తిన్నది నా పెనిమిటి."

వకీలు ఆమె ముఖం చూసి ఫైళ్లు బల్ల మీద పెట్టాడు. "ఏం చెప్తే ఏమైతదో నేను చెప్పిననుకో, నువ్వు చూసింది ఇడిచిపెట్టి నేను చెప్పింది చెప్తవ్. అది నేను చెయ్యకూడదు. కాని కేసు ఏందో సమజ్ చేస్త, విను. ఈ సెక్షన్ నిలవాలంటే మేం మూడు సంగతులు రుజువు చెయ్యాలె. దయాకర్ కొట్టిండని ఒకటి. ఆ దెబ్బకే పన్ను పోయిందని ఒకటి. అంత పెద్ద గాయం చెయ్యాలనుకొని కొట్టిండు, లేకుంటే అయితదని తెలిసి తెలిసి కొట్టిండు. ఇది మూడోది."

"మూడోది మనసు లోపలిది కద సార్. గది ఎట్ల చూపిస్తరు?"

"మనసు కనపడదు. మనిషి చేసింది కనపడ్తది. పిడికిలా, అరచెయ్యా? ఒక్క దెబ్బనా, నాలుగా? కొట్టే ముందట ఏం జరిగింది, కొట్టినంక ఏం చేసిండు? వాటి మీద నుంచే కోర్టు లోపలిది అంచనా కడ్తది."

మరియ కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. "మరి గా తప్పు చెయ్యలేదని మా తమ్ముడు రుజువు చేసుకోవాల్నా?"

"అవసరం లేదు. చేసిండని చూపించాల్సింది మేము. మాకు వీలుకాక అనుమానం మిగిలితే అది అతనికే లాభం." ఆయన ఫైళ్లు మళ్లీ చంకలో పెట్టుకున్నాడు. "ఇంకో ముచ్చట. ఉన్నట్టుండి ఓర్చుకోలేని మాట అంటే ఆ కోపంల కొట్టిండని తేలినా సెక్షన్ మారుతది, శిక్ష తగ్గుతది. గంతే, ఇంక నన్నేం అడగకు."

బస్టాండు దాకా నడుస్తూ మరియ ఆలోచించింది. ఆ మాట విన్నది తను. చెయ్యి చూసింది తను. ఇక పన్ను సంగతి. ఆ పన్ను ఎట్లాంటిదో భర్తకూ తనకూ తప్ప ఎవరికీ తెలియదు. మూడూ తిరిగి తిరిగి తన నోటి దగ్గరికే వచ్చాయి. నిజం చెబితే తన భర్త, చనిపోయిన అత్తను కుక్క అన్నవాడిగా కోర్టు కాగితాలకెక్కుతాడు. చెప్పకపోతే తమ్ముడు చెయ్యని నేరానికి లోపలికి పోతాడు.

ఆ సాయంత్రం ఆమె భర్త ముందు కూర్చుని, "రేపు నేను చూసింది చూసినట్టే చెప్త" అంది.

సామ్యేలు మోటారు మీద నుంచి తల ఎత్తలేదు. "చెప్పు. నేను వద్దన్ననా?" అన్నాడు.

*

మర్నాడు సామ్యేలును ముందు పిలిచారు. అతని సాక్ష్యం అయ్యేదాకా మరియను బయట బెంచీ మీద కూర్చోమన్నారు. లోపల అతనేం చెప్పాడో ఆమెకు తెలియదు. బంట్రోతు ఆమె పేరు పిలిచాక లోపలికి పోయింది. మెజిస్ట్రేటు గారికి ముప్పై అయిదేళ్లు మించవు. వెనక గోడకు ఆనుకుని దయాకర్ నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు. సామ్యేలు ముందు వరస కుర్చీలో కూర్చుని ఫ్యాను వంక చూస్తున్నాడు.

ప్రభుత్వ వకీలు అడిగిన దానికి, దయాకర్ కొట్టడం చూశాననీ, నోట్లోంచి నెత్తురు రావడం, పన్ను రావడం చూశాననీ మరియ చెప్పింది. తర్వాత దయాకర్ తరఫు వకీలు మంజుల లేచింది.

"ఎట్ల కొట్టిండు?"

"అన్నం తింటున్న చేత్తోటి. అరచెయ్యితోటి. చెంపకు కూర అంటుకున్నది."

"ఎన్ని దెబ్బలు?"

"ఒక్కటే. కొట్టి గక్కడ్నే కూసొని తల పట్టుకున్నడు."

"మీ భర్త పన్ను గట్టిగనే ఉండెనని ఇందాక ఈ కోర్టులో చెప్పిండు. గది నిజమేనా?"

మరియ భర్త వైపు చూసింది. అతను ఫ్యాను మీద నుంచి చూపు దించలేదు. ఇందాక లోపల ఏం జరిగిందో ఆమెకు అప్పుడు అర్థమైంది. బోను కడ్డీ పట్టుకుంది.

"నిరుడు ఎండకాలంల ఆయన నాతోటి..." అని మొదలుపెట్టింది.

మెజిస్ట్రేటు చెయ్యి ఎత్తి ఆపాడు. "మీ ఆయన మీతో చెప్పింది వద్దమ్మా. భార్యాభర్తలు ఒకరికొకరు చెప్పుకున్న మాటలు ఆయన ఒప్పుకోకుండా ఈ కోర్టు వినదు. మీరు కళ్లతో చూసింది ఉంటే చెప్పండి."

చూసింది అంటే ఏముంది? ఒకే కప్పు కింద ఇన్నేళ్లుగా చూస్తున్నదే.

"ఆయన కుడి పక్కనే నములుతుండె సార్. మాంసం వండితే బొక్కలు నా పళ్లెంల ఏస్తుండె. గా పన్ను కాడ లవంగం పెట్టుకుంటుండె. పొద్దుగాల నోరు కడిగితే నెత్తురు పడ్తుండె. గిది నేను రోజు చూసిందే. కొట్టిన దినానికి ముందు నుంచే గట్ల ఉండె."

"ఈ సంగతి దయాకర్‌కు తెలుసా?"

"తెల్వదు. వాడు మా ఇంటికొచ్చేదే తక్కువ."

"కొట్టే ముందు మీ భర్త ఒక మాట అన్నడు. ఆయన్నడిగితే యాదికి లేదన్నడు. మీకు యాదికుందా?"

"ఉన్నది."

"చెప్పుండ్రి."

ఆమె చెప్పింది. ఒక్క అక్షరం మార్చకుండా చెప్పింది. టైపు కొట్టే అమ్మాయి కుక్క అన్న చోట ఒక్క క్షణం ఆగి, మళ్లీ కొట్టింది. మంజుల కూర్చుంది.

ప్రభుత్వ వకీలు మళ్లీ లేచి, ఒకే ఒక్క ప్రశ్న అడుగుతానన్నాడు. "మీ అమ్మ అంటే మీ భర్తకు కోపమా?"

"లేదు సార్" అంది మరియ. "నేను డ్యూటీకి పోతే రెండేండ్లు మా అమ్మను ఎత్తింది ఆయన. కడిగింది ఆయన. నా చేత్తోటి తినకపోయేది మా అమ్మ, ఆయన పెడితేనే తినేది. గా దినం మా తమ్ముడు మైకుల అందరి పేర్లు చెప్పి ఆయన పేరు చెప్పలే. గందుకు గట్లన్నడు. అన్నది తప్పే. కాని గా మాట ఒక్కటే కాగితం మీద ఉంటే ఆయన గంతే అనుకుంటరు. గిది గూడ రాసుకోండ్రి."

మెజిస్ట్రేటు టైపిస్టు వైపు చూసి, రాయమన్నట్టు తల ఆడించాడు. గోడ దగ్గర దయాకర్ తల వంచుకున్నాడు. సామ్యేలు ముఖం మీద చెయ్యి పెట్టుకుని అట్లాగే కూర్చున్నాడు.

ఇద్దరూ బండి మీద ఇంటికి వచ్చారు. ఇంటి ముందు బండి ఆపి స్టాండు వేస్తూ సామ్యేలు అన్నాడు. "నన్ను అబద్ధాలోన్ని చేసినవ్."

"నువ్వు ఏం చెప్పినవో నాకెట్ల తెలుస్తది? నన్ను బయట కూసోబెట్టిండ్రు కద."

"పన్ను గట్టిగుండె అనకపోతే కేసు నిలవదని దుకాణానికొచ్చేటోళ్లు అన్నరు."

"కేసు నిలవాలెనని నీకు ఉన్నదా?"

అతను తాళం తీసి లోపలికి పోయి, ఏస్తేరమ్మ పడుకున్న గది గడప మీద కూర్చున్నాడు. ఆమె మంచం తీసేశాక గది ఖాళీగానే ఉంది. చాలాసేపటికి, "గట్లనే అన్ననా నేను?" అని అడిగాడు.

"గట్లనే అన్నవ్."

"నేను ఆమెను అనలే మరియా. వాన్ని అన్న."

"నాకు తెలుసు" అంది మరియ. "కాని మాట ఆమె మీదనే పడ్డది."

*

డాక్టరు సాక్ష్యం తర్వాతి వాయిదాకు అయింది. చిగుళ్లు పాడైన పన్ను చిన్న దెబ్బకే రావచ్చని ఆయన ఒప్పుకున్నాడు. కొన్ని నెలలకు తీర్పు రోజు వచ్చింది.

మెజిస్ట్రేటు తీర్పు చదివాక, అందరికీ అర్థమయ్యేటట్టు మాటల్లో చెప్పాడు. దయాకర్ కొట్టిన సంగతి రుజువైంది. ఆ దెబ్బకు పన్ను పోయిన సంగతీ నిజమే. కానీ తిండి ముందు నుంచి లేచి అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టినవాడు అంత గాయం చెయ్యాలనుకున్నాడని కానీ, అవుతుందని తెలిసే కొట్టాడని కానీ ప్రభుత్వం చూపించలేకపోయింది. పన్ను వదులుగా ఉన్న సంగతి అతనికి తెలియదు. కాబట్టి తీవ్ర గాయం నేరం నిలవదు. కన్నతల్లి సంవత్సరీకం రోజున ఆమెను అనరాని మాట అంటే, ఆ ఉద్రేకంలో చేసిన సాదా గాయం మాత్రమే మిగులుతుంది.

"మాట ఎంత పెద్దదైనా చెయ్యి ఎత్తడం తప్పే" అన్నాడు దయాకర్ వైపు చూసి. "ఇదివరకు ఏ కేసూ లేదు కాబట్టి మందలించి వదిలేస్తున్నాను. మళ్లీ ఇట్లా ఈ కోర్టుకు రావద్దు." తర్వాత సామ్యేలు వైపు తిరిగాడు. "గుర్తు లేదంటే అది మీ ఇష్టం. మీ భార్యకు మాత్రం ఆ మాటా, మీరు అత్తకు చేసిన సేవా రెండూ గుర్తున్నాయి. అది మీకు మంచే చేసింది."

బయటికి వచ్చాక వకీళ్లు వేరే కేసులకు వెళ్లిపోయారు. కోర్టు గేటు ఎదుట చాయ్ బండి దగ్గర ముగ్గురే మిగిలారు. స్వప్న రాలేదు, ఆమె పనిచేసే చోట సెలవు దొరకలేదు. దయాకర్ మూడు చాయ్‌లు చెప్పాడు. ఒకటి అక్కకిచ్చాడు. ఒకటి పట్టుకుని బావ ముందు నిలబడ్డాడు.

"బావా, నీ పేరు నేను మర్సిపోలే" అన్నాడు.

సామ్యేలు గ్లాసు అందుకోలేదు. "మరి?"

"నీ కాడికొచ్చేసరికి ఏం చెప్పాల్నో తెల్వలే. మా అమ్మను నువ్వు ఎత్తినవ్, కడిగినవ్. గది నేను చెయ్యాల్సిన పని. మైకుల వందనాలంటే ఏం సరిపోతది? నోరు తెరిస్తే ఏడుపొచ్చేటట్టుండె. గందుకే కూసున్న."

"గది నాకెట్ల తెలుస్తది?"

"తెల్వదు. నేను చెప్పలే కద." అతను గ్లాసు పట్టుకున్న చెయ్యి ఇంకా చాచే ఉంచాడు. "కొట్టింది తప్పయింది బావా."

సామ్యేలు చాయ్ తీసుకున్నాడు. ఒక గుక్క తాగి, "నేనన్నది గూడ తప్పే" అన్నాడు. మరియకు మధ్యాహ్నం డ్యూటీ ఉంది. వాళ్లిద్దరినీ అక్కడే వదిలి డిపోకు నడిచింది. మూల తిరిగేటప్పుడు ఒకసారి వెనక్కి చూసింది. ఇద్దరూ రోడ్డు వంక చూస్తూ చాయ్ తాగుతున్నారు. మాట్లాడుకోవడం లేదు, వెళ్లిపోనూ లేదు.

అంతా ఒక్కరోజులో సర్దుకోలేదు. కాలేజీవాళ్లు దయాకర్‌కు బస్సు తిరిగి ఇవ్వడానికి ఇంకో నెల పట్టింది. కొన్నాళ్లపాటు సామ్యేలు, బామ్మర్ది మాట వస్తే చెంప తడుముకునేవాడు. దయాకర్ ఆదివారాలు వచ్చినా అక్కతో మాట్లాడి పోయేవాడు. దుకాణంలోకి తొంగి చూసి, "బావా, ఉన్నవా" అనడం, "ఆ, ఉన్న" అనిపించుకోవడం, అంతే.

అట్లాంటి ఒక ఆదివారం దయాకర్ దుకాణంలోకి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. సామ్యేలు మోటారుకు తీగ చుడుతున్నాడు. వంటింట్లో బియ్యం కడుగుతున్న మరియకు వాళ్ల మాటలు వినబడుతున్నాయి.

"బావా, అమ్మ నన్ను అడిగేదా?" అన్నాడు దయాకర్.

తీగ చుట్టే చప్పుడు ఆగింది. "అడిగేది" అన్నాడు సామ్యేలు. "రోడ్డు మీద పెద్ద బండి ఆగిన సప్పుడైతే నువ్వే వచ్చినవనుకునేది. కాదంటే కోపానికొచ్చేది నా మీద."

"ఏమనేది?"

"నువ్వే వాన్ని రానిస్తలేవు అనేది." సామ్యేలు చిన్నగా నవ్వినట్టు వినబడింది. "నేను గూడ గట్లనే అనుకోనిచ్చిన. నువ్వు తప్పు చేసినవని కాకుంట నేనే రానిస్తలేనని అనుకుంటే ఆమెకు జర నిమ్మళమైతదని."

స్టూలు దగ్గరికి జరిగిన చప్పుడైంది. తర్వాత దయాకర్, "ఇంకేమనేది బావా?" అని అడిగాడు.

సామ్యేలు తీగ పక్కన పెట్టి చెప్పడం మొదలుపెట్టాడు. మరియ ఎసట్లో ఇంకో గ్లాసు బియ్యం ఎక్కువ పోసింది.